మొదటి స్కూబా రెగ్యులేటర్ కొనేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేసి, మాస్కు, ఫిన్లు కొనుక్కున్న వాళ్లు ఆ తర్వాత అడిగేది రెగ్యులేటర్ గురించే, అంటే సిలిండర్‌లోని గాలిని ఊపిరికి తగ్గట్టు నోటికి అందించే పరికరం గురించే. అడిగే మనిషి మారినా సందేహాలు మాత్రం అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇది 40 మీటర్ల లోపు సరదాగా డైవ్ చేసేవాళ్ల కోసం. గుహల్లోకి వెళ్లేవాళ్లకు, టెక్నికల్ డైవింగ్ చేసేవాళ్లకు అవసరాలు వేరు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనాలా, అద్దెకు తీసుకోవాలా

కోర్సు ఇప్పుడే అయింది. వెంటనే రెగ్యులేటర్ కొనేయాలా?

అక్కర్లేదు. ముందు మీ మొహానికి సరిగ్గా కూర్చునే మాస్కు, దాని తర్వాత డైవ్ కంప్యూటర్ కొనండి. మాస్కు సరిపోకపోతే డైవంతా అందులో నీళ్లు ఖాళీ చేసుకోవడంతోనే సరిపోతుంది. రెగ్యులేటర్ వంతు వీటి తర్వాతే. ముందు కొన్నాళ్లు వేర్వేరు సెంటర్లలో అద్దె రెగ్యులేటర్లు వాడండి. ఏది తేలిగ్గా గాలి ఇస్తోంది, ఏది దవడ నొప్పి పుట్టిస్తోంది అన్నది మీకే తెలుస్తుంది. డైవింగ్ మీకు ఎప్పుడో ఒకసారి చేసే సరదానా, సెలవు దొరికితే చాలు సముద్రం వైపు మనసు లాగుతుందా అన్నది కూడా అప్పటికి తేలుతుంది. నచ్చిన దాని మోడల్ పేరు లాగ్‌బుక్‌లో రాసుకోండి.

అద్దె రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోవాలంటే అదోలా ఉంటుంది. శుభ్రంగా ఉంచుతారా?

మంచి సెంటర్లలో రోజూ డిసిన్ఫెక్టెంట్ కలిపిన నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెడతారు. అయినా మీకు ఇబ్బందిగా ఉంటే మౌత్‌పీస్ ఒక్కటి సొంతంగా కొనుక్కోండి. అది చిన్న సిలికాన్ ముక్క, ఖరీదు తక్కువ. పాత జిప్ టై కత్తిరించి మీది పెట్టి కొత్త టై బిగించడం సెంటర్ వాళ్లకు రెండు నిమిషాల పని. శుభ్రత కంటే ముందు అడగాల్సినది ఒకటుంది. చివరిసారి సర్వీసింగ్ ఎప్పుడు చేయించారు? తడుముకోకుండా జవాబు చెప్పే సెంటర్‌ను నమ్మొచ్చు.

మాది హైదరాబాద్. ఏడాదికి ఒకసారి అండమాన్ వెళ్తాం. సొంత రెగ్యులేటర్ దండగేనా?

డబ్బు లెక్కలో చూస్తే గిట్టుబాటు కాదు. ఏడాదికి నాలుగైదు రోజులు వాడే వస్తువుకు కొన్న ఖర్చు ఒకటి, సర్వీసింగ్ ఖర్చు ఇంకొకటి. సర్వీస్ సెంటర్ వేరే ఊళ్లో ఉంటే కొరియర్ ఖర్చు కూడా కలుస్తుంది. స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్‌లోని సెంటర్లలో ఫన్ డైవ్ ధరలోనే పరికరాల అద్దె కలిసి ఉండటం మామూలే. సొంతవి తెచ్చుకుంటే ఎంత తగ్గిస్తారో ముందే అడగండి. చాలాసార్లు ఆ తగ్గింపు పెద్దగా ఉండదు.

డబ్బు పక్కన పెడితే మాత్రం లాభం ఉంది. నోటికి అలవాటైన మౌత్‌పీస్, చూడకుండానే చేతికి దొరికే ఆక్టోపస్ (తోటి డైవర్‌కు ఇవ్వడానికి ఉంచుకునే రెండో నోటి భాగం), ఎవరు ఎలా వాడారో తెలిసిన పరికరం నీళ్లలో మనసును కుదుటపరుస్తాయి. ఏడాదికి రెండు మూడు ట్రిప్పులు వెళ్లేవాళ్లయితే, లేదా విశాఖలో ఉంటూ రుషికొండ వైపు తరచూ దిగేవాళ్లయితే కొనమనే చెప్తాను. ఏడాదికి ఒక్క ట్రిప్పే అయితే ఆ డబ్బుతో ఇంకో నాలుగు డైవ్‌లు చేయండి.

## అసలు అదేమిటి, ఎలా పనిచేస్తుంది

రెగ్యులేటర్ సెట్ అంటే అందులో ఏమేం ఉంటాయి?

సిలిండర్‌కు బిగించే లోహపు భాగం ఫస్ట్ స్టేజ్. నోట్లో పెట్టుకునేది సెకండ్ స్టేజ్. పసుపు రంగు గొట్టంతో ఉండే రెండో సెకండ్ స్టేజ్ ఆక్టోపస్. అది గాలి అయిపోయిన తోటి డైవర్‌కు ఇవ్వడానికి. నాలుగోది సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో చూపే ప్రెషర్ గేజ్. వీటితో పాటు జాకెట్‌లోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ గొట్టం ఒకటి కావాలి. అది సాధారణంగా జాకెట్‌తో వస్తుంది. జాకెట్ అద్దెది వాడేవాళ్లు మాత్రం ఈ గొట్టం విడిగా కొనుక్కోవాలి. షాపులో "రెగ్యులేటర్ ధర" అని చెప్పేది తరచుగా ఫస్ట్, సెకండ్ స్టేజ్‌ల ధరే. ఆక్టోపస్, గేజ్ కలిపి మొత్తం ఎంతవుతుందో అడిగాకే పోల్చుకోండి.

ఫస్ట్ స్టేజ్, సెకండ్ స్టేజ్ చేసే పని ఏమిటి?

నిండు సిలిండర్‌లో గాలి 200 బార్ ఒత్తిడితో ఉంటుంది. అది నేరుగా నోట్లోకి వస్తే తట్టుకోలేం. వంటింట్లో గ్యాస్ బండ మీద పెట్టే రెగ్యులేటర్ లాగే ఫస్ట్ స్టేజ్ ఆ ఒత్తిడిని ఒక్కసారిగా దించి, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు 9–10 బార్ ఎక్కువగా ఉంచుతుంది. మీరు ఊపిరి పీల్చినప్పుడు సెకండ్ స్టేజ్‌లో ఉన్న పల్చటి రబ్బరు పొర లోపలికి ముడుచుకుని ఒక లివర్‌ను నొక్కుతుంది. వాల్వ్ తెరుచుకుని, మీరున్న లోతులో నీటి ఒత్తిడి ఎంతో అంతే ఒత్తిడితో గాలి వస్తుంది. పీల్చడం ఆపగానే మూసుకుంటుంది.

అడిగినప్పుడే గాలి ఇచ్చే ఈ పద్ధతిని 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ కలిసి డైవింగ్‌కు పనికొచ్చేలా చేశారు. గన్యాన్ ఇంజనీరు. యుద్ధకాలంలో పెట్రోలు కరువై కార్లను గ్యాస్‌తో నడపడానికి ఆయన తయారుచేసిన వాల్వే దీనికి మూలం. ఇప్పుడు మీరు కొనబోయే దాంట్లో పనితనం మెరుగుపడింది కానీ సూత్రం అదే.

నీళ్లలో ఉండగా పాడైపోతే గాలి ఒక్కసారిగా ఆగిపోతుందా? ఆ టెన్షనే ఎక్కువగా ఉంది.

ఇప్పుడు దొరికే రెగ్యులేటర్లలో దాదాపు అన్నిటి సెకండ్ స్టేజ్‌లనూ, పాడైతే మూసుకుపోకుండా తెరుచుకునే విధంగానే తయారు చేస్తారు. లోపల సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనుకునే మెత్తటి ముక్క) అరిగినా, ఫస్ట్ స్టేజ్ ఒత్తిడి హద్దు దాటినా గాలి ఆగకుండా బుసబుసా వస్తూనే ఉంటుంది. దాన్నే ఫ్రీ ఫ్లో అంటారు. అందులోంచి ఊపిరి తీసుకోవడం మీరు కోర్సులోనే నేర్చుకున్నారు. అలా పోతూ ఉంటే సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి, వెంటనే బడ్డీకి, అంటే జతగా దిగిన తోటి డైవర్‌కు చూపించి కలిసి పైకి రావాలి.

గాలి అందకపోవడానికి మామూలు కారణాలు వేరు. గేజ్ చూసుకోక సిలిండర్ ఖాళీ చేసుకోవడం ఒకటి, వాల్వ్ పూర్తిగా తెరవకుండా నీళ్లలోకి దిగడం ఇంకొకటి. రెండూ మన చేతుల్లో ఆగేవే.

బ్యాలెన్స్‌డ్, అన్‌బ్యాలెన్స్‌డ్ అంటున్నారు. తేడా నాకు తెలుస్తుందా?

18 మీటర్ల లోపు, సిలిండర్ సగానికి పైన ఉన్నంతసేపు తెలియదు. లోతుకు వెళ్లి గాలి తగ్గే కొద్దీ తెలుస్తుంది. అన్‌బ్యాలెన్స్‌డ్ ఫస్ట్ స్టేజ్‌లో సిలిండర్ ఒత్తిడి తగ్గుతున్న కొద్దీ బయటికొచ్చే ఒత్తిడి కూడా కొంచెం తగ్గుతుంది. కాబట్టి చివర్లో ఊపిరి కాస్త గట్టిగా లాగాల్సి వస్తుంది. బ్యాలెన్స్‌డ్‌లో సిలిండర్ నిండుగా ఉన్నా, 50 బార్‌కు వచ్చినా ఒకేలా ఉంటుంది.

30 మీటర్ల దగ్గర ఒత్తిడి 4 బార్. అంటే గాలి పైనున్న దానికి నాలుగు రెట్లు చిక్కగా ఉంటుంది. ఏదో కారణంతో మీరూ, బడ్డీ ఇద్దరూ ఒకే ఫస్ట్ స్టేజ్ నుంచి కంగారుగా, వేగంగా ఊపిరి తీసుకుంటున్నారనుకోండి, అప్పుడు బ్యాలెన్స్‌డ్ విలువ తెలుస్తుంది. అడ్వాన్స్‌డ్ కోర్సు చేసే ఉద్దేశం ఉంటే ఫస్ట్ స్టేజ్ బ్యాలెన్స్‌డ్ తీసుకోండి. కాస్త ఎక్కువ డబ్బు పెట్టడానికి తగిన చోటు ఇదే. అలాగని అన్‌బ్యాలెన్స్‌డ్ పనికిరానిదని కాదు. స్కూబాప్రో ఎంకే2 లాంటి అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్ రెగ్యులేటర్లు ప్రపంచమంతా అద్దె షాపుల్లో ఏళ్ల తరబడి మొరాయించకుండా పనిచేస్తున్నాయి.

పిస్టన్ మంచిదా, డయాఫ్రమ్ మంచిదా?

ఇవి ఫస్ట్ స్టేజ్‌లో రెండు రకాలు, రెండూ మంచివే. పిస్టన్‌లో కదిలే భాగాలు తక్కువ, గాలి ధారాళంగా వస్తుంది. కానీ చాలా మోడళ్లలో పిస్టన్ చుట్టూ ఉన్న గదిలోకి సముద్రపు నీరు వచ్చి పోతుంటుంది. డైవ్ తర్వాత బాగా కడగకపోతే ఉప్పు అక్కడే గడ్డ కడుతుంది. డయాఫ్రమ్‌లో కదిలే భాగాలు రబ్బరు పొర వెనక ఉంటాయి కాబట్టి ఉప్పు, ఇసుక, ఒండ్రు లోపలికి చేరవు. సర్వీసింగ్‌లో మార్చాల్సిన ముక్కలు మాత్రం కొన్ని ఎక్కువ.

మన తూర్పు తీరంలో ఒడ్డు నుంచి అలల్లోంచి నడిచి వెళ్లి దిగేవాళ్లకు, నీళ్లు బురదగా ఉండే చోట డైవ్ చేసేవాళ్లకు నా ఓటు సీల్ చేసిన డయాఫ్రమ్‌కే. పడవ మీంచి తేటనీళ్లలో దిగేవాళ్లు ఈ విషయం గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

డిన్ తీసుకోవాలా, యోక్ తీసుకోవాలా?

యోక్ అంటే సిలిండర్ వాల్వ్‌ను చుట్టి పట్టుకుని వెనక నుంచి మరతో బిగించే కొక్కెం. డిన్ అంటే వాల్వ్ లోపలికే మర తిప్పి బిగించేది. డిన్‌లో ఓ రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) లోపల ఇరుక్కుని ఉంటుంది కాబట్టి దెబ్బ తగిలినా జారదు. బరువూ తక్కువే. యోక్ 232 బార్ వరకే. డిన్ 300 బార్ రకం కూడా ఉంది, అది 200 బార్ వాల్వ్‌కూ సరిపోతుంది.

నా సలహా డిన్ తీసుకుని, జేబులో ఒక యోక్ అడాప్టర్ ఉంచుకోవడం. భారత్‌లో, అమెరికాలో, మాల్దీవుల్లో యోక్ వాల్వ్‌లే ఎక్కువగా ఎదురవుతాయి. జర్మనీలో, యూరప్‌లో చాలాచోట్ల డిన్ ఎక్కువ. అడాప్టర్ ఉంటే డిన్ రెగ్యులేటర్ యోక్ వాల్వ్‌కు పెట్టుకోవచ్చు. యోక్ రెగ్యులేటర్‌ను డిన్ వాల్వ్‌కు పెట్టాలంటే, ఆ వాల్వ్‌లో ఇన్సర్ట్ బిగించే వీలుండాలి. అన్నిటికీ ఆ వీలుండదు. అడాప్టర్ పెడితే ఫస్ట్ స్టేజ్ కాస్త వెనక్కి పొడుచుకొస్తుంది, తల వెనక్కి వంచితే కొందరికి తగులుతుంది. ఎప్పుడూ ఒకే చోట యోక్ సిలిండర్లతోనే డైవ్ చేసేవాళ్లకు యోక్ చాలు.

చల్లటి నీళ్ల కోసం ప్రత్యేకంగా సీల్ చేసినది మనకు అవసరమా?

అండమాన్‌లో, లక్షద్వీప్‌లో నీళ్లు 27–30 డిగ్రీల దగ్గర ఉంటాయి. చలి కోసమైతే అవసరం లేదు. గాలి 200 బార్ నుంచి ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు బాగా చల్లబడుతుంది. చుట్టూ నీళ్లు కూడా చల్లగా ఉంటే ఫస్ట్ స్టేజ్ మీద మంచు కట్టి ఫ్రీ ఫ్లో మొదలవుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీల కంటే తక్కువైతే అది చల్లటి నీరు. రెగ్యులేటర్ మీద "10 డిగ్రీల పైన మాత్రమే" అనే అర్థంలో గుర్తు ఉంటే దాన్ని అంతకంటే చల్లటి చోట వాడకూడదు.

కాలిఫోర్నియాలో మాంటెరే వైపు, జర్మనీ సరస్సుల్లో, స్కాండినేవియాలో డైవ్ చేసే మనవాళ్లు ఈ గుర్తు తప్పకుండా చూడాలి. అక్కడ చలి నీళ్ల కోసం పరీక్షించిన, సీల్ చేసిన ఫస్ట్ స్టేజ్ కొనడం విలాసం కాదు.

సెకండ్ స్టేజ్ మీద ఉన్న నాబ్, చిన్న లివర్ దేనికి?

నాబ్ తిప్పితే ఊపిరి లాగడం తేలిక కావడమో, బరువు కావడమో జరుగుతుంది. ప్రవాహానికి ఎదురు ఈదేటప్పుడు గాలి దానంతటదే కారుతుంటే కొంచెం బిగిస్తారు. లివర్ గాలి ధార దిశను మారుస్తుంది. నీటి పైన ఉన్నప్పుడు, నీళ్లలోకి దూకేటప్పుడు "ప్రీ డైవ్" లేదా మైనస్ వైపు ఉంచితే నోట్లో లేని సెకండ్ స్టేజ్ గాలి వదలదు. కిందికి వెళ్లాక "డైవ్" లేదా ప్లస్ వైపు మార్చాలి. నాబ్ లేకపోయినా నష్టం లేదు. చాలామంది మొదటి రోజు తిప్పి, మళ్లీ దాని జోలికి పోరు.

## కొనేటప్పుడు

ఏ బ్రాండ్ కొనమంటారు?

ముందు ఫోన్ చేయాల్సింది షాపుకు కాదు, సర్వీసింగ్ చేసేవాళ్లకు. మీరుండే ఊళ్లో గానీ, ఏటా డైవ్‌కు వెళ్లే చోట గానీ ఏయే కంపెనీల రెగ్యులేటర్లు సర్వీస్ చేస్తారు, వాటి విడిభాగాల కిట్లు దగ్గర ఉంచుతారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు అని అడగండి. ఆ జాబితాలో ఉన్నవాటిలోంచి ఎంచుకోండి.

స్కూబాప్రో, ఎపెక్స్, ఆక్వాలంగ్, మారెస్, క్రెస్సీ, అటామిక్ లాంటి పాత కంపెనీల రెగ్యులేటర్లలో ఏది తీసుకున్నా వెచ్చటి నీళ్లలో, 30 మీటర్ల లోపు ఊపిరికి లోటు రాదు. తేడా అంతా రెండేళ్ల తర్వాత కనిపిస్తుంది. కిట్ దొరక్క అల్మారాలో పడున్న ఖరీదైన రెగ్యులేటర్ కంటే, నెల తిరక్కుండా సర్వీసై తిరిగొచ్చే మధ్యరకం రెగ్యులేటర్ ఎన్నో రెట్లు నయం. పేరూ ఊరూ తెలియని ఆన్‌లైన్ బ్రాండ్లు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. వాటి లోపల మార్చే సీటు, ఓ రింగ్‌ల కిట్ ఎవరి దగ్గర దొరుకుతుందో అమ్మేవాళ్లు కూడా చెప్పలేరు.

ఖరీదైన రెగ్యులేటర్ అయితే గాలి తక్కువ ఖర్చవుతుందా?

గాలి ఖర్చు మీ ఊపిరి తీరు మీద, బరువులు సరిగ్గా పెట్టుకోవడం మీద, అనవసరంగా చేతులు ఆడించకపోవడం మీద ఆధారపడుతుంది. లెక్క చూడండి. మామూలు అల్యూమినియం 80 సిలిండర్ సుమారు 11.1 లీటర్లు. 200 బార్ నింపితే 2,220 లీటర్ల గాలి. నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 30 మీటర్ల దగ్గర 80 లీటర్లు ఖర్చు చేస్తాడు. అదే మనిషి స్థిమితపడి 15 లీటర్లకు వస్తే, అదే లోతులో నిమిషానికి 20 లీటర్లు మిగిలినట్టే. ఇంత తేడా ఏ రెగ్యులేటరూ తేలేదు. మరీ గట్టిగా లాగాల్సి వచ్చే, సర్వీస్ లేని రెగ్యులేటర్ అయితే మాత్రం అలసట పెరిగి గాలి ఖర్చూ పెరుగుతుంది.

ఆక్టోపస్ ఎప్పుడో గానీ వాడం కదా, చవకది చాలా?

దాన్ని నోట్లో పెట్టుకునేది గాలి అయిపోయి, గుండె దడదడలాడుతున్న మనిషి. వేగంగా, పెద్దపెద్ద ఊపిరులు తీస్తాడు. కాబట్టి ఊపిరి తేలిగ్గా అందేదే ఉండాలి. ఫస్ట్ స్టేజ్ తయారుచేసిన కంపెనీదే తీసుకుంటే సర్వీసింగ్ కూడా ఒకేచోట అయిపోతుంది. గొట్టం మీటరు దాకా ఉంటే ఇద్దరూ పక్కపక్కన ఈదుకుంటూ రావొచ్చు. పసుపు రంగు తప్పనిసరిగా చూసుకోండి. ఆక్టోపస్ ఇసుకలో ఈడ్చుకుపోకుండా ఛాతీ ముందు తగిలించుకునే హోల్డర్ కూడా అప్పుడే కొనేయండి.

మామూలు గేజ్ చాలా? కంప్యూటర్‌కు వైర్‌లెస్‌గా చూపించే ట్రాన్స్‌మిటర్ కొనాలా?

మొదటి సెట్‌కు ముల్లు తిరిగే గేజ్ చాలు. దానికి బ్యాటరీ ఉండదు, జత కుదరకపోవడం ఉండదు. ట్రాన్స్‌మిటర్ తర్వాత కొనుక్కోవచ్చు. అందుకే ఫస్ట్ స్టేజ్‌కు హై ప్రెషర్ పోర్టులు (గేజ్, ట్రాన్స్‌మిటర్ బిగించే రంధ్రాలు) రెండు ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి.

గేజ్ బార్‌లలో చూపిస్తుందా, పీఎస్ఐలలో చూపిస్తుందా అన్నది కూడా గమనించండి. అమెరికాలో కొన్నది పీఎస్ఐలో ఉంటుంది. ఇక్కడి డైవ్ గైడ్ "50 బార్‌కు వస్తే చెప్పండి" అంటాడు. 50 బార్ అంటే దాదాపు 725 పీఎస్ఐ. నీళ్ల కింద ఆ లెక్కలు వేసుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

మా అన్నయ్య అమెరికా నుంచి వస్తున్నాడు. అక్కడ కొని తెప్పించుకోనా?

ఎంపిక ఎక్కువ ఉంటుంది, సేల్స్‌లో ధర కూడా కలిసొస్తుంది. మూడు విషయాలు తేల్చుకున్నాకే చెప్పండి. ఆ మోడల్‌కు ఇక్కడ సర్వీస్ ఉందా అన్నది మొదటిది. చాలా కంపెనీల వారంటీ అధీకృత డీలర్ దగ్గర కొంటేనే చెల్లుతుంది, కొన్నిటికి కొన్న దేశంలోనే చెల్లుతుంది. కాబట్టి బిల్లు, వారంటీ కాగితాలు అన్నయ్య తప్పకుండా తేవాలి. మూడోది కస్టమ్స్. పెట్టెలోంచి తీయని కొత్త వస్తువు మీద సుంకం పడే అవకాశం ఉంది, ఆ ఖర్చు కూడా కలుపుకుని చూడండి. ఇవన్నీ కుదిరితే నిశ్చింతగా తెప్పించుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. అమ్మేవాళ్లు ఎన్నిసార్లు వాడామని చెప్పినా, మీరు ముందు చూడాల్సింది ఫస్ట్ స్టేజ్ నోట్లో కనిపించే చిన్న గుండ్రటి ఫిల్టర్. వెలుతురులో పట్టుకుని చూడండి. అది వెండి రంగులో మెరుస్తుంటే మంచిది. ఆకుపచ్చగా ఉంటే ఉప్పునీళ్లు లోపలికి పోయి చిలుము పట్టిందని అర్థం. ఎర్రగా, గోధుమ రంగులో ఉంటే స్టీలు సిలిండర్ లోపలి తుప్పు వచ్చి చేరింది. నల్లగా ఉంటే గాలి నింపిన కంప్రెసర్ నుంచి వచ్చిన మసి. ఆకుపచ్చది కనిపిస్తే నేనైతే బేరం దగ్గరే ఆగిపోతాను.

తర్వాత గొట్టాలను రెండు కొసల దగ్గర వంచి పగుళ్లు చూడండి. సీరియల్ నంబరు తీసుకుని కంపెనీ వెనక్కి పిలిపించిన వాటిలో ఉందేమో చూడండి. విడిభాగాలు ఇంకా తయారవుతున్నాయో లేదో సర్వీస్ సెంటర్‌లో కనుక్కోండి. కొన్న వెంటనే పూర్తి సర్వీసింగ్ చేయించక తప్పదు. ఆ ఖర్చు కలిపాక కూడా కొత్తదానికంటే బాగా తక్కువ పడితేనే కొనండి.

షాపులో చేతికి తీసుకున్నప్పుడు ఏం చూడాలి?

సెకండ్ స్టేజ్ నోట్లో పెట్టుకుని ఐదు నిమిషాలు అలాగే ఉండండి. అమ్మేవాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. బరువుగా, పెద్దదిగా ఉంటే దవడకు అప్పుడే తెలుస్తుంది. తల అటూ ఇటూ తిప్పితే గొట్టం లాగకూడదు. ఫస్ట్ స్టేజ్‌కు లో ప్రెషర్ పోర్టులు (సెకండ్ స్టేజ్, ఆక్టోపస్, ఇన్‌ఫ్లేటర్ గొట్టాలు బిగించేవి) కనీసం నాలుగు ఉండాలి. చేతికి గ్లవ్ ఉన్నా సెకండ్ స్టేజ్ మధ్యలోని పర్జ్ బటన్ (నొక్కితే గాలి వదిలేది) సులువుగా నొక్కగలగాలి. సిలిండర్‌కు బిగించి చూపించమనండి. ఎక్కడా సన్నటి బుస కూడా వినిపించకూడదు.

డైవ్ అయ్యేసరికి దవడ లాగేస్తోంది. రెగ్యులేటర్ మార్చాలా?

ముందు మౌత్‌పీస్ మార్చి చూడండి. నోరు చిన్నగా ఉన్నవాళ్లకు చిన్న సైజు దొరుకుతుంది. వేడినీళ్లలో మెత్తబరిచి పళ్ల అచ్చు తీసుకునే రకం కూడా ఉంది. భయంతో గట్టిగా కొరికి పట్టుకోవడం వల్ల కూడా నొప్పి వస్తుంది, అది డైవ్‌లు పెరిగే కొద్దీ తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే తేలికైన సెకండ్ స్టేజ్ గానీ, గొట్టం మొదట్లో స్వివెల్ (అటూ ఇటూ తిరిగే కీలు) గానీ ఆలోచించండి.

రబ్బరు గొట్టాలు మంచివా, అల్లిక గొట్టాలు మంచివా?

అల్లికవి మెత్తగా వంగుతాయి, సామానులో తక్కువ చోటు పడతాయి. కానీ కొన్ని పాత అల్లిక గొట్టాల లోపలి పొర కాలక్రమంలో స్ఫటికాల్లా గట్టిపడి, లోపలే పూడుకుపోయిన సంఘటనలు నమోదయ్యాయి. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. రబ్బరు గొట్టం పాడైతే పైన పగుళ్లు కనిపించి ముందే చెబుతుంది. వేడి ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో నేను రబ్బరువైపే ఉంటాను. అల్లికవే కావాలంటే తయారైన తేదీ చూసి కొని, కంపెనీ చెప్పిన గడువుకు మార్చేయండి.

నైట్రాక్స్‌కు వేరే రెగ్యులేటర్ కావాలా?

నైట్రాక్స్ అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి. ఇప్పుడొచ్చే రెగ్యులేటర్లలో దాదాపు అన్నీ 40 శాతం ఆక్సిజన్ వరకు పనికొస్తాయి. సరదా డైవింగ్‌లో వాడే 32, 36 శాతం మిశ్రమాలు ఆ లోపే. అయినా మాన్యువల్‌లో ఆ మాట రాసి ఉందో లేదో చూసుకోండి. టైటానియం ఫస్ట్ స్టేజ్‌ను 40 శాతం దాటిన ఆక్సిజన్‌తో వాడకూడదు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

## కొన్న తర్వాత

డైవ్‌కు ముందు ఇంట్లోనూ, పడవ మీదా ఏం చెక్ చేయాలి?

ఇంట్లో, సిలిండర్ లేకుండానే డస్ట్ క్యాప్ (ఫస్ట్ స్టేజ్ నోటికి పెట్టే మూత) గట్టిగా బిగించి సెకండ్ స్టేజ్‌ను నోట్లో పెట్టుకుని పీల్చండి. గాలి అస్సలు రాకూడదు. వస్తే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. ఎక్కువసార్లు అది మౌత్‌పీస్‌లో జిప్ టై వెనకాల దాగి ఉంటుంది. రబ్బరును వేలితో లాగి చూస్తే సన్నటి చీలిక కనిపిస్తుంది. నెలల తరబడి లోపల పెట్టింది అయితే మౌత్‌పీస్‌లోకి లైటు వేసి కూడా చూడండి. చీమలు, బొద్దింకలు దూరడం నిజంగా జరిగేదే.

పడవ మీద వాల్వ్ పూర్తిగా తెరిచి, గేజ్ వైపు చూస్తూ నాలుగైదు గట్టి ఊపిరులు తీసుకోండి. ముల్లు కదలకుండా ఉండాలి. పీల్చినప్పుడల్లా పడి లేస్తుంటే వాల్వ్ సరిగ్గా తెరుచుకోలేదు. ఆక్టోపస్‌తో కూడా ఇదే చేయండి, చాలామంది దాన్ని వదిలేస్తారు.

విమానంలో ఎలా తీసుకెళ్లాలి?

చెక్ ఇన్ బరువు మిగలాలంటే రెగ్యులేటర్‌ను చేతి సంచిలో పెట్టుకోండి. పూర్తి సెట్ సుమారు 3 కిలోల దాకా ఉంటుంది. మన దేశీయ విమానాల్లో 7 కిలోల హద్దు లోపలే సర్దుకోవచ్చు. గొట్టాలను గుండ్రంగా చుట్టండి, ఫస్ట్ స్టేజ్ దగ్గర మడత పడనివ్వద్దు. సెక్యూరిటీ వాళ్లు అడిగితే ఊపిరి పీల్చే పరికరమని చెప్పి చూపించండి. డైవ్ కత్తి, పనిముట్లు చెక్ ఇన్‌లోకే.

డైవ్ అయ్యాక ఎలా కడగాలి?

డస్ట్ క్యాప్‌ను తుడిచి, ఆరాక, ఫస్ట్ స్టేజ్‌కు బిగించి అప్పుడు నీళ్లలో పెట్టండి. తడి క్యాప్ పెడితే ఆ నీళ్లే లోపలికి పోతాయి. మంచినీళ్లలో అరగంట నానబెట్టండి. నానుతున్నప్పుడు పర్జ్ బటన్ నొక్కకూడదు. ఒత్తిడి లేని గొట్టంలోంచి నీళ్లు ఫస్ట్ స్టేజ్ దాకా పాకుతాయి. సిలిండర్‌కు బిగించి, గాలి తెరిచి కడిగితే ఆ భయం ఉండదు. నాబ్‌ను, లివర్‌ను అటూ ఇటూ తిప్పుతూ కడగండి, లేకపోతే ఉప్పుతో బిగుసుకుపోతాయి.

పడవ మీద అందరూ ముంచే డ్రమ్ములో ముంచడంతో సరిపెట్టుకోవద్దు. మధ్యాహ్నానికి ఆ నీళ్లు సగం సముద్రపు నీళ్లే. ఇంటికొచ్చాక మరోసారి నానబెట్టండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో మున్సిపల్ నీళ్లు గానీ, ఫిల్టర్ నీళ్లు గానీ వాడండి. నీడలో వేలాడదీసి ఆరబెట్టండి. వరుస డైవ్‌ల తర్వాత విమానం ఎక్కడానికి ఎలాగూ కనీసం 18 గంటలు ఆగాలి, ఆరడానికి ఆ సమయం చాలు.

ఏడాదికి ఒక్కసారే వాడాను. సర్వీసింగ్ తప్పదా?

తప్పదు. కంపెనీని బట్టి ఏడాదికో, రెండేళ్లకో, లేదా ఇన్ని డైవ్‌లకు అనో గడువు ఉంటుంది. ఏది ముందొస్తే అది. వాడకపోయినా ఓ రింగ్‌లు ఎండిపోతాయి, సీటు మీద లోహపు అంచు గుర్తు పడుతుంది, మిగిలిన ఉప్పు లోపల తన పని తాను చేస్తూనే ఉంటుంది. ట్రిప్పుకు నెల ముందు ఇవ్వండి. తిరిగొచ్చాక ఈదుకొలనులో ఒకసారి వాడి చూశాకే సముద్రానికి తీసుకెళ్లండి. సర్వీసింగ్ అయిన వెంటనే చిన్న లీకులు బయటపడటం మామూలే. అవి పడవ మీద కాకుండా కొలనులో బయటపడితే మంచిది.

వీడియోలు చూసి నేనే విప్పి బాగు చేసుకోవచ్చా?

మౌత్‌పీస్ మార్చడం, డిన్ మర చివర కనిపించే ఓ రింగ్ మార్చడం, రెంచ్ వాడటం తెలిస్తే గొట్టం మార్చడం చేసుకోవచ్చు. ఫస్ట్ స్టేజ్ లోపలికి మాత్రం వెళ్లొద్దు. దానికి ప్రత్యేక పనిముట్లు, మధ్య ఒత్తిడి (ఫస్ట్ స్టేజ్ నుంచి గొట్టంలోకి వచ్చే గాలి ఒత్తిడి) కొలిచే గేజ్, ఆక్సిజన్‌కు పనికొచ్చే గ్రీజు, కంపెనీ చెప్పిన కొలతలు కావాలి. ఇంట్లో ఉన్న నూనె, గ్రీజు ఏదీ పూయకండి.

ఎలాంటి లక్షణాలు కనిపిస్తే గడువు దాకా ఆగకుండా చూపించాలి?

గాలి తెరిచి నీళ్లలో ముంచితే ఫస్ట్ స్టేజ్ నుంచి బుడగలు రావడం. సెకండ్ స్టేజ్ నుంచి ఎవరూ పీల్చకుండానే నిమిషానికోసారి గాలి వదలడం. ఇది ఫస్ట్ స్టేజ్ సీటు అరిగి, మధ్య ఒత్తిడి మెల్లగా పెరుగుతోందనడానికి గుర్తు. ఊపిరితో పాటు నీళ్లు రావడం. సిలిండర్ నుంచి విప్పేశాక కూడా గేజ్ ముల్లు సున్నాకు రాకపోవడం. డస్ట్ క్యాప్ మరిచిపోయి ఫస్ట్ స్టేజ్‌ను ఉప్పునీళ్లలో ముంచేయడం. ఈ చివరిది జరిగితే పైకి బాగానే పనిచేస్తున్నట్టు కనిపించినా ఆ ట్రిప్పులో దాన్ని ఇక వాడకండి. అక్కడి సెంటర్‌లో అద్దెది తీసుకుని మిగతా డైవ్‌లు చేయండి, మీదాన్ని మాత్రం ఊరికి రాగానే సర్వీసింగ్‌కు పంపండి.